దొడ్లో చెట్టు, చెట్టెక్కే మనిషి: బరంపురం చుట్టుపక్కల తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని మా బరంపురంలో పాత తెలుగు ఇళ్ళకి వెనకాల ఓ దొడ్డి, అందులో ఓ కొబ్బరో మామిడో ఉండడం మామూలే. గోపాలపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు కూడా అంతే. చెట్టుతో పని పడేది ఏడాదికి ఒకట్రెండు సార్లు. ఆ ఒకట్రెండు సార్లూ ఎవర్ని పిలవాలో, ఎంతివ్వాలో తెలీక టెన్షన్ పడతాం. మా దొడ్లో పదకొండు చెట్లున్నాయి కాబట్టి వీధిలోవాళ్ళు నన్ను అడుగుతుంటారు. నేనేమీ చెట్ల డాక్టర్ని కాను. రెండు పెద్ద తుఫాన్లు చూసి, డబ్బిచ్చి మరీ తప్పుడు పనులు చేయించుకుని నేర్చుకున్న సంగతులివి.

చెట్టు పనివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

ముందు మీకు కావలసింది ఎవరో తేల్చుకోండి. చెట్టు పని అంతా ఒకే మనిషి చేసేది కాదు. కొబ్బరి దింపేవాళ్ళు వేరు. వాళ్ళు కాయ దింపి, ఎండు మట్టలు, డొక్కలు తీసి, మొవ్వు (తల మధ్యలో కొత్త ఆకు వచ్చే చోటు) చూసి దిగుతారు. మామిడి, వేపలాంటి చెట్లెక్కి కొమ్మలు కోసేవాళ్ళు వేరు. మొత్తం చెట్టు కొట్టి తీసుకుపోయే కట్టె వ్యాపారి వేరు. ఈ మధ్య కోత మిషను పట్టుకుని వచ్చే కుర్రాళ్ళు వేరు. కొబ్బరి దింపే మనిషిని పిలిచి మామిడి కొమ్మ కోయమంటే మొహమాటానికి ఒప్పుకుంటాడు, తర్వాత కొమ్మా పాడవుతుంది, మనిషికీ ప్రమాదం.

కొబ్బరికి మాకు ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి వచ్చేవాళ్ళున్నారు. అటువైపు ఉద్దానం ప్రాంతమంతా కొబ్బరి నేల, చిన్నప్పట్నుంచీ ఎక్కిన చేతులవి. ఇచ్ఛాపురం మనకి పాతిక కిలోమీటర్లే, పొద్దున్నే రైలెక్కి వచ్చేస్తారు. మిగతా పనులకి టింబరు డిపో దగ్గరో, కోత మిల్లు దగ్గరో అడిగితే మనుషులు తెలుస్తారు. అన్నిటికంటే మంచి దారి ఒకటుంది. మీ వీధిలో బాగా కోసిన చెట్టు ఏదైనా కనిపిస్తే ఆ ఇంటి తలుపు తట్టి 'ఎవరు కోశారండీ' అని అడగండి. చెట్టు ఎదురుగా ఉంటుంది కాబట్టి పని ఎలా చేశాడో మీరే చూడొచ్చు.

ఒడియా పనివాళ్ళతో మాట పట్టింపు లేకుండా తేల్చుకోవాలంటే రెండు మాటలు చాలు. 'డాళొ కాటిబాకు కేతె నెబొ?' అంటే కొమ్మ కోయడానికి ఎంత తీసుకుంటావు అని. 'నొడియా గొచ్చొ' అంటే కొబ్బరి చెట్టు. బేరం తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగించడం మనకి అలవాటే కదా.

పని కుదుర్చుకునే ముందు ఏం మాట్లాడుకోవాలి?

చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించి మాట్లాడండి. ఫోనులో బేరం వద్దు. మంచి పనివాడు వచ్చీ రాగానే రేటు చెప్పడు. చెట్టు చుట్టూ తిరుగుతాడు, పైకి చూస్తాడు, తీగలెక్కడున్నాయో అడుగుతాడు. మా దింపు మనిషైతే కత్తి వెనకవైపుతో మాను మీద కొట్టి చెవి పెడతాడు. గట్టి మాను 'టక్' అంటుంది, లోపల బోలు ఉంటే డప్పులా మోగుతుంది. ఆ శబ్దం ఆయన వినేదాకా నేను మాట్లాడను.

ఏ కొమ్మ కోయాలో సుద్దతో గుర్తు పెట్టండి. కొమ్మని తాడు కట్టి దించుతారా, వదిలేస్తారా అడగండి. కింద రేకుల షెడ్డో పెంకులో ఉంటే ఇది ముఖ్యం. కొమ్మలు, ఆకు ఎవరు ఎత్తుతారు? మొద్దు కూడా తీస్తారా? గోడ పగిలితే ఎవరిది బాధ్యత? ఇవన్నీ ఓ కాగితం మీద రాసుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. సంతకాలక్కర్లేదు, ఫోనులో ఫోటో తీసి ఆయనకి పంపితే చాలు.

తాగి వచ్చినవాణ్ణి ఎక్కనివ్వకండి. రోజు కూలి ఇచ్చి పంపేసినా నష్టం లేదు.

రేటు ఎలా లెక్కిస్తారు?

కొబ్బరికి చెట్టుకింత అని. కొందరు డబ్బుతోపాటు ఒకట్రెండు కాయలు తీసుకుంటారు, అది ఆనవాయితీ, బేరం పెట్టకండి. కొమ్మల పనికి రోజు కూలి లేదా గంపగుత్త. నాకు గంపగుత్తంటే భయం. పని త్వరగా అయితే వాళ్ళకి లాభం కాబట్టి మధ్యాహ్నానికల్లా ముగించాలని తొందర, ఆ తొందరలో ఎక్కడ పడితే అక్కడ నరుకుతారు. రోజు కూలైతే నిదానంగా చేస్తారు, కాస్త ఎక్కువవుతుంది, చెట్టు బతుకుతుంది.

అడ్వాన్సు పావు వంతుకి మించి ఇవ్వకండి. ఎండాకాలంలో ఏడింటికి మొదలెట్టి పదకొండుకి దిగిపోయేలా మాట్లాడండి. మే నెల ఎండలో మాను మీద చెమట పట్టిన చేతులు జారతాయి.

'కట్టె మాకు వదిలేయండి, కొట్టుడు ఉచితం' అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఆ మాట వినగానే చెట్టు వైపు ఇంకోసారి చూడండి. ముసలి మామిడి మాను పలకలకి పనికొస్తుంది, టేకు సంగతి చెప్పక్కర్లేదు, పనస తలుపులకి తీసుకుంటారు. ఉచితం అంటున్నవాడు లెక్క చూసుకునే వచ్చాడు. కోత మిల్లులో అడుగు చుట్టుకొలతకి ఎంత పలుకుతుందో ఒకసారి కనుక్కుని అప్పుడు మాట్లాడండి. మునగలాంటి పీచు కట్టెకి పెద్ద విలువ లేదు. అలాంటివాటికి ఉచితం అంటే నిజంగానే మీకు సాయం చేసినట్టే.

ఇంకో సంగతి. కట్టె కోసం వచ్చినవాడికి మీ చెట్టు బతకడం అక్కర్లేదు. కొమ్మలు తగ్గించమంటే 'ఇది పడిపోతుందండీ, మొత్తం తీసేయండి' అని భయపెడతాడు. రోగమో కాదో చెప్పాల్సినవాడే కట్టె కొనేవాడైతే ఆ మాట మీద ఎంత నమ్మకం పెట్టాలో మీకే తెలుసు.

సొంత దొడ్లో చెట్టు కొట్టడానికి పర్మిషన్ కావాలా?

కొమ్మలు సర్దుకోవడం వేరు, మాను కొట్టడం వేరు, కట్టెని రోడ్డెక్కించడం వేరు. మూడో దాని దగ్గరే చాలామంది దొరికిపోతారు. ఒడిశాలో 1980 నాటి కలప రవాణా నియమాలున్నాయి. కలపని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళాలంటే ఫారెస్టువాళ్ళ రవాణా పర్మిట్ కావాలి, దాన్నే ఇక్కడ టీటీ పర్మిట్ అంటారు. కొన్ని జాతులకి మినహాయింపు ఉంది. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో కొట్టేముందు రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఆటోలో దుంగలు ఎక్కించాక అడిగితే లాభం లేదు.

వెళ్ళేటప్పుడు పట్టా నకలు, చెట్టు జాతి, చుట్టుకొలత రాసుకుని వెళ్ళండి. చుట్టుకొలత మొదట్లో కొలవరు, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే ఛాతీ ఎత్తున కొలుస్తారు. టేకు, గంధం ఉంటే మరింత జాగ్రత్త. గోడ బయట, వీధి పక్కన ఉన్న చెట్టు నీడ మీదే కావచ్చు, చెట్టు మీది కాదు. దానికి మున్సిపాలిటీకి అర్జీ పెట్టాలి.

కొమ్మలు కరెంటు తీగలకి తగులుతున్నాయి. మనమే తీసేయొచ్చా?

వద్దు. ఇది ఒక్కటి మాత్రం వాదన లేకుండా వినండి. కర్ర చివర కొడవలి కట్టి మేడ మీంచి లాగడం మన ఇళ్ళలో అలవాటు. పచ్చి కొమ్మలో నీళ్ళుంటాయి, కరెంటు పాకుతుంది. వెదురు ఎండుది అనుకుంటాం, తేమ పట్టి ఉంటుంది. పదకొండు వేల వోల్టుల లైనైతే ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికెళ్ళినా లాగేస్తుంది.

దక్షిణ ఒడిశాలో కరెంటు పంపిణీ 2021 జనవరి నుంచి టాటా పవర్ సదరన్ ఒడిశా చేతిలో ఉంది. ఫిర్యాదుకి 1912. లైన్‌మన్ వచ్చి ఆ లైన్లో కరెంటు ఆపించి, 'లైన్ క్లియర్' తీసుకున్నాకే మీ మనిషిని ఎక్కించండి. 'కరెంటు పోయింది కదా, ఈలోగా కోసేద్దాం' అనుకోకండి. పోయిన కరెంటు ఏ క్షణాన వస్తుందో ఎవరికీ తెలీదు. పక్కింట్లో ఇన్వర్టరో జనరేటరో తప్పుగా కలిపి ఉంటే చచ్చిన తీగలో కూడా కరెంటుంటుంది.

ఎక్కిన మనిషి పడితే?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. నేనే రాస్తున్నాను.

ఎక్కే మనిషికి నడుముకి తాడుందా లేదా చూడండి. కొబ్బరికి కాళ్ళ బందం ఒక్కటే చాలంటారు, పైకెళ్ళాక నడుము తాడు మానుకి చుట్టి కట్టుకోమనండి. తాడు లేకపోతే మీరే ఒకటి కొనివ్వండి. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి చెట్టెక్కే మిషన్ల మీద శిక్షణ ఇస్తోంది, దింపు పనివాళ్ళకి కేర సురక్ష అనే బీమా కూడా ఉంది. అదంతా కుదరకపోతే ప్రధానమంత్రి సురక్షా బీమా అయినా ఉందా అని అడగండి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళ మనిషికి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటివాళ్ళకి 2 లక్షలు. మా దగ్గరికొచ్చే ఇద్దరికీ ఆ ఇరవై నేనే కట్టిస్తాను. ఒక బొండాం ధర కూడా కాదు.

మునగ చెట్టుని మాత్రం ఎవర్నీ ఎక్కనివ్వకండి. మునగచెట్టు ఎక్కించడం అన్న మాట ఊరికే పుట్టలేదు. బొద్దుగా కనిపించే కొమ్మ చటుక్కున విరుగుతుంది. కాయలు కర్రతో కోసుకోండి, కాపు అయ్యాక మానుని నడుమెత్తుకి కోసేస్తే మళ్ళీ చిగురేసి అందేంత ఎత్తులో కాస్తుంది.

కొమ్మని సరిగ్గా కోశాడో లేదో నాకెలా తెలుస్తుంది?

చాలా తేలిక. కోసిన చోట కింద బెరడు చీలి మాను మీదకి జారిందా చూడండి. జారితే ఒకే కోత వేశాడని అర్థం. పైనుంచి నరుకుతూ పోతే సగంలో కొమ్మ బరువుకి వంగి, కిందున్న బెరడుని చొక్కా జేబు చింపినట్టు చింపుకుంటూ పడుతుంది. ఆ చింపు దగ్గరే తర్వాత నీరు నిలిచి కుళ్ళు మొదలవుతుంది.

పెద్ద కొమ్మకి మూడు కోతలు. మాను నుంచి మూర దూరంలో ముందు కింద నుంచి మూడో వంతు లోతు గాటు. దానికి నాలుగు వేళ్ళు బయటగా పైనుంచి రెండో కోత. కొమ్మ అక్కడ విరిగి పడిపోతుంది, బెరడు చీలదు. ఇక మిగిలిన మొండెంని మూడో కోతలో తీసేయాలి. ఇక్కడే కళ్ళు పెట్టాలి. కొమ్మ మానుని కలిసేచోట ఉంగరంలా చిన్న ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బుని వదిలేసి దాని బయట కోయాలి. చెట్టు గాయాన్ని మూసుకునేది ఆ ఉబ్బులోంచే. నున్నగా మానుకి అంటిస్తూ కోస్తే చూడ్డానికి బాగుంటుంది, గాయం మూసుకోదు. అడుగు మొండెం వదిలేస్తే అది ఎండి, చెదలకి దారిస్తుంది.

రంపం వాడమనండి. గొడ్డలి పని కట్టెకి, చెట్టుకి కాదు.

తుఫానుకి ముందు చెట్టు తల నరికేస్తే మంచిది కదా?

నేనూ అలాగే అనుకున్నాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే మా వీధిలో చాలా చెట్లు పడిపోయి ఉన్నాయి. మా వెనక మామిడి మాత్రం ఆకులన్నీ రాల్చుకుని నిలబడింది. నిలబడ్డ చెట్టుని చూసి సంతోషించాల్సింది పోయి, వచ్చే ఏడు ఇది మన మీద పడుతుందని భయపడి, మిషను కుర్రాళ్ళని పిలిచి పన్నెండడుగుల దగ్గర తల తీయించేశాను.

రెండేళ్ళలో ఆ మొండెం చుట్టూ గుత్తిలాగా పదిహేను కొమ్మలు నిటారుగా లేచాయి. దట్టంగా, పచ్చగా, ఎంతో బాగుందనుకున్నాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో జరిగిన నష్టంతో పోలిస్తే మా ఊరికి వచ్చింది తక్కువ గాలే. ఆ తక్కువ గాలికే కొత్త కొమ్మల్లో ఏడు ఊడి వంటింటి రేకుల మీద పడ్డాయి. విరిగాయి అని రాయడం లేదు, ఊడాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కోటీ మాను బెరడు కింద బొటనవేలు లోతున అతుక్కుని ఉంది, అంతే. సహజంగా పెరిగిన కొమ్మ మానులోపలికి వేళ్ళూనుకుని ఉంటుంది. తల నరికాక పుట్టేది పైపైన అతుకు. నరికిన చోట మాను లోపల అరచేయి పట్టేంత బోలు, నల్లటి పొడి.

ఫైలిన్ పడగొట్టలేని చెట్టుని నేను డబ్బిచ్చి పాడుచేసుకున్నాను.

కాబట్టి తల తీయించకండి. గాలి ఆగకుండా దూరిపోయేలా లోపలి కొమ్మలు పలచన చేయించండి. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి ముందు. ఒక ఏడాదిలో పచ్చదనంలో పావు వంతుకి మించి తీయొద్దు. ఇంటి మీదకి బాగా చాచిన కొమ్మ ఉంటే దాన్ని ఇంకో కొమ్మ చీలేచోటు వరకు మాత్రమే తగ్గించాలి.

కోసిన చోట తారు పూస్తే చాలా?

తారు వద్దు, సిమెంటు అసలే వద్దు. బోలులో సిమెంటు నింపితే నీరు లోపలే నిలిచి ఇంకా కుళ్ళుతుంది. చిన్న గాయాలకి ఏమీ అక్కర్లేదు. వానాకాలంలో పెద్ద కొమ్మ తీయాల్సి వస్తే బోర్డో పేస్టు పూయండి. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, వంద గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో, ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కలిపి తర్వాత రెండూ ఒకేసారి మూడో బకెట్లో పోయాలి. ఆకాశనీలం రంగు చిక్కటి ముద్ద వస్తుంది. అందులో ఓ ఇనప మేకు ముంచి తీయండి. మేకుకి ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం తక్కువైందని, ఇంకాస్త కలపాలి. ఆ రోజుదారోజే వాడేయాలి.

మాను కింద గేరు (ఎర్రమట్టి), సున్నం పట్టీలు వేయడం మన వీధుల్లో అందం. చెట్టుకి చెడేమీ లేదు.

ఏ నెలలో కోయించాలి?

మామిడికి కాయ దించాక, జూన్ చివర, జూలైలో. కార్తీకం దాటాక కోస్తే పూత కొమ్మలు పోతాయి, వచ్చే ఏడు కాయ ఉండదు. ఎండు కొమ్మలు ఎప్పుడైనా తీయొచ్చు. మనకి తుఫాన్లు మేలోనూ, అక్టోబరు, నవంబర్లలోనూ ఎక్కువ కాబట్టి ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబర్లో ఒకసారి చెట్టు చుట్టూ తిరిగి చూడండి.

మనుషులు దొరకని రోజులూ గుర్తుంచుకోండి. జూన్ నడిమిలో రొజొ పండగ మూడు రోజులు భూదేవికి విశ్రాంతి, ఒడియావాళ్ళు నేల తవ్వరు. మొక్కలకి గుంతలు అంతకుముందే తీయించుకోవాలి. రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర ఉన్న వేసవిలో ఊరంతా జాతరలోనే ఉంటుంది, పిలిచినా ఎవరూ రారు.

కొబ్బరి ఆకులు కత్తెరతో కోసినట్టు త్రికోణాలుగా ఉన్నాయి. ఏం జబ్బు?

జబ్బు కాదు, కొమ్ము పురుగు. విప్పుకోని మొవ్వులో దూరి నములుతుంది, ఆకు విచ్చుకునేసరికి కత్తిరించినట్టు కనిపిస్తుంది. అది పుట్టేది చెట్టు మీద కాదు, మీ పెంటకుప్పలో. దొడ్లో పేడకుప్ప ఉంటే తిరగేసి తెల్లటి లావుపాటి పురుగులుంటే ఏరేయండి. దింపు మనిషి ఎక్కినప్పుడు ఇనప కొక్కెంతో మొవ్వులో పురుగుని లాగమనండి. తర్వాత లేత మట్టల సందుల్లో 250 గ్రాముల వేపపిండి, అంతే ఇసుక కలిపి వేయించండి. ఏడాదికి మూడుసార్లు, దింపు వచ్చినప్పుడల్లా.

ఆ పురుగు చేసిన కన్నంలోంచే ఎర్ర ముక్కు పురుగు దూరుతుంది. అదే అసలు ప్రాణాంతకం. మానుకి చిన్న కన్నాలు, వాటిలోంచి గోధుమరంగు జిగురు, నమిలిన పీచు, చెవి పెడితే కరకరమనే శబ్దం. అంతదాకా వస్తే ఆలస్యం చేయకుండా ఉద్యానశాఖవాళ్ళకి చూపించండి.

ఆకు అడుగున తెల్లగా చుట్టలు చుట్టలుగా, పైన మసి పట్టినట్టు ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడులో మొదట కనిపించి ఇటు పాకింది. చూడ్డానికి భయంగా ఉంటుందిగానీ దానివల్ల చెట్టు చావదు. గట్టి పురుగుమందు కొడితే ఆ దోమని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి. నీళ్ళ పైపుతో గట్టిగా కడగండి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె కాస్త సబ్బునీళ్ళతో కొట్టండి, చాలు.

మామిడి మీద ఎర్రచీమల గూళ్ళున్నాయి. కాల్చేయాలా?

ఉంచండి. ఆకులు కుట్టి గూడు కట్టే ఆ చీమలు చెట్టు మీద పురుగుల్ని ఏరి తింటాయి. ఎక్కే మనిషికి మాత్రం నరకం, కోసే రోజు ఆ కొమ్మని ముందే దింపి పక్కచెట్టు మీద వేయమనండి. మన రాష్ట్రంలోనే మయూర్‌భంజ్‌లో ఈ చీమలతో పచ్చడి నూరుకుంటారు, ఆ పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను తినలేదు.

దొడ్డంతా సిమెంటు చేయించాలనుకుంటున్నాం. చెట్టు చుట్టూ ఎంత వదలాలి?

వదలగలిగినంత. కనీసం మాను చుట్టూ నాలుగడుగులు. వేరుకి గాలి కావాలి, అది మనకి తట్టదు. మా వీధిలో ఫైలిన్‌కి పడ్డ వేపచెట్లు నేను దగ్గరుండి చూశాను. మాను వరకు సిమెంటు పోసినవి పళ్ళెంతో సహా పైకి లేచాయి, కింద వేళ్ళు చీపురంత. మట్టిలో ఉన్న వేప ఒకటి కొమ్మలు పోగొట్టుకుని నిలబడింది.

మురుగు కాలవ కోసమో సెప్టిక్ ట్యాంకు కోసమో చెట్టుకి ఒక పక్క వేళ్ళు కోసేస్తే ఆ చెట్టు అటువైపు పట్టు పోగొట్టుకున్నట్టే. ఆ సంగతి మేస్త్రీ చెప్పడు. బట్టలారేసే ఇనప తీగ మానుకి చుట్టి ఉంటే ఈ రోజే విప్పండి, చెట్టు లావయ్యేకొద్దీ అది ఉరిలా బిగుస్తుంది.

పక్కింటి చెట్టు మా ఇంటి మీద పడేలా ఉంది, వాళ్ళు వినడం లేదు.

ముందు ఫోటో తీసి, మర్యాదగా కాగితం రాసి ఇవ్వండి. నోటిమాటలు గొడవలవుతాయి. వినకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152 కింద, అంటే పాత సీఆర్‌పీసీ 133, పడిపోయి మనుషులకి దెబ్బ తగిలేలా ఉన్న చెట్టుని తీయమనో, ఊతం పెట్టమనో ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి ఉంది. సబ్ కలెక్టర్ ఆఫీసులో అర్జీ పెట్టొచ్చు. రాత్రికి రాత్రి వేళ్ళ దగ్గర ఉప్పో యాసిడో పోసేవాళ్ళున్నారు. చచ్చిన చెట్టు బతికిన చెట్టుకంటే ముందు పడుతుంది, అదీ మీ ఇంటి మీదే.

నిజంగా కొట్టేయాల్సిన చెట్టని ఎలా తెలుసుకోవాలి?

పుట్టినప్పట్నుంచీ వంగి ఉన్న చెట్టు వేరు, ఈ మధ్య వంగిన చెట్టు వేరు. వంగినవైపుకి ఎదురుగా నేల పగుళ్ళిచ్చి ఉంటే, మట్టి ఉబ్బితే, ఆ చెట్టు కింద నిలబడి ఆలోచించకండి. మొదట్లో పుట్టగొడుగులు పుడితే లోపల వేరు కుళ్ళుతోందని. కొబ్బరి మొదట్లో గోధుమరంగు బంక కారి, ఎర్ర లక్కలా మెరిసే పుట్టగొడుగు వస్తే అది గానోడెర్మా అనే కుళ్ళు తెగులు, పక్క చెట్లకి పాకకుండా చూడాలి.

ఆకులు లేకపోవడం మాత్రం చావు గుర్తు కాదు. తుఫాను తర్వాత జనం చేసే పెద్ద తప్పు ఇదే. గోటితో బెరడు గీకి చూడండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. కొబ్బరికి మొవ్వు నిలబడి ఉంటే ఆరు నెలలు ఆగండి. ఫైలిన్ తర్వాత నెలలోపే కొట్టించినవాళ్ళు, సంక్రాంతికి పక్కింట్లో చిగుళ్ళు చూసి బాధపడ్డారు. వాలిపోయిన చిన్న మొక్కల్ని వారంలోపు నిలబెట్టి, మట్టి తొక్కి, మూడు పక్కలా వెదురు ఊతం పెడితే నిలదొక్కుకుంటాయి.

కొత్తగా ఏం నాటొచ్చు?

కొబ్బరి గోడకి పదడుగులు, ఇంకో కొబ్బరికి పాతికడుగులు. మామిడి గోడకి ఇరవై అడుగులు, అంత చోటు లేకపోతే జామ, ఉసిరి, కరివేపాకు చాలు. రావి, నిద్రగన్నేరు ఇంటి దగ్గర వద్దు. నాటిన మొదటి మూడేళ్ళూ ఒకే నిటారు మాను ఉండేలా పక్క కొమ్మలు తుంచుతూ రండి. మొక్కై వంగనిది మానై వంగదు, తర్వాత రంపంతో సరిచేయలేం.

పొలం గట్టో పెద్ద దొడ్డో ఉన్నవాళ్ళు తాటిచెట్లు కొట్టకండి. పిడుగుల్ని ఒడిశా 2015లోనే రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది, ఇప్పుడు తాటిచెట్లు నాటమంటోంది. ఎత్తైన చెట్టు పిడుగుని తన మీదకి తీసుకుంటుంది. అందుకే వాన మొదలయ్యాక ఏ చెట్టు కిందా నిలబడొద్దు.

కొట్టాక మొద్దు అలాగే వదిలేయొచ్చా?

మామిడి, వేప మొద్దైతే పరవాలేదు, నేల మట్టానికి కోయించి మట్టి కప్పండి. వేప మళ్ళీ చిగురిస్తుంది కూడా. కొబ్బరి మొద్దు మాత్రం వద్దు. నిలబడ్డ మొద్దు, దొడ్లో పడేసిన దుంగ కుళ్ళుతుంటే కొమ్ము పురుగు, ముక్కు పురుగు రెండూ అందులోనే గుడ్లు పెడతాయి. ఫైలిన్ తర్వాత ఊరంతా పడ్డ దుంగలు అలాగే వదిలేశాం. రెండేళ్ళు మిగిలిన చెట్ల మొవ్వుల్లోంచి పురుగులు లాగించడమే పనైంది. కొట్టిన మనిషి చేతే చీలికలు చేయించి, ఎండబెట్టి, పొయ్యిలోకి వాడేయండి. డబ్బు చేతిలో పెట్టడం ఆ చీలికలు లెక్కపెట్టుకున్నాకే.